జనరేటర్ సెల్ఫ్ బ్యాటరీ ఊరికే దిగిపోతోందా? నాలుగోది కొనే ముందు మీటర్ పట్టు

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. నాన్న పెట్టిన టెంట్ హౌస్ ఇప్పుడు నేను చూసుకుంటున్నా. మాకు 5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది, సెల్ఫ్ స్టార్ట్. దాంతోపాటు వచ్చిన బ్యాటరీ మూడేళ్ళు పనిచేసింది, తర్వాత వేసింది ఏడాది కూడా రాలేదు, ఇప్పుడున్నది 12 వోల్టుల 18 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) సీల్డ్ బ్యాటరీ, వేసి ఆరు నెలలే అయింది. షాపులో ఛార్జింగ్ పెట్టించి తెస్తే రెండు మూడు రోజులు బాగుంటుంది, తర్వాత కీ తిప్పితే టకటకమని సౌండే గానీ ఇంజన్ తిరగదు, ఇక తాడు లాగాల్సిందే. స్టార్ట్ చేసి గంటసేపు ఉంచినా మళ్ళీ సెల్ఫ్ అందుకోదు. బ్యాటరీ షాపాయన జనరేటర్ ఛార్జింగ్ ఇవ్వట్లేదంటాడు, మెకానిక్కేమో బ్యాటరీ డూప్లికేట్ అంటాడు. లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయి కాబట్టి జనరేటర్లో ప్రాబ్లం లేదనుకుంటున్నా. కిందటేడు మా కుర్రాళ్ళు ఫోన్ల ఛార్జింగ్ కోసం వోల్టేజీ కనిపించే యూఎస్‌బీ సాకెట్ ఒకటి బ్యాటరీకి పెట్టారు. పనిలేనప్పుడు రేకుల షెడ్డులో పెడతాం. నాలుగో బ్యాటరీ తెచ్చెయ్యమంటావా?

సమాధానం: తమ్ముడూ, తేవద్దు, ఇప్పుడే తేవద్దు. మొదటిది మూడేళ్ళు, రెండోది ఏడాది లోపు, మూడోది ఆరు నెలలు అని నువ్వే రాశావు, అంటే ఒక్కోటీ ముందుదాని కంటే త్వరగా పోతోంది, ఇలా పోతున్నప్పుడు చంపేది ఏదో బ్యాటరీ బయటే ఉందని నా అనుమానం, దాన్ని పట్టుకోకుండా కొత్తది వేస్తే అది కూడా ఇంకో సీజన్‌కి మూలన పడుతుంది. మీ షాపాయనా మెకానిక్కూ ఇద్దరూ మీటర్ పెట్టకుండానే తీర్పు చెప్పేశారు, నువ్వు ఎవర్నీ నమ్మాల్సిన పన్లేదు, రెండు మూడొందల్లో వచ్చే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కో, టెంట్ హౌస్ నడిపేవాడికి సీరియల్ లైట్లు చెక్ చేసుకోడానికైనా అది ఇంట్లో ఉండాల్సిందే.

బ్యాటరీ నిలవకపోవడానికి మూడే దారులున్నాయి. బ్యాటరీకే పట్టుకునే శక్తి పోయి ఉండాలి, లేదా ఇంజన్ తిరిగేటప్పుడు దానికి ఛార్జింగ్ అందకుండా ఉండాలి, లేదా ఇంజన్ ఆపేశాక ఏదో ఒకటి కూర్చుని తాగేస్తుండాలి. చాలాసార్లు మూడోదానితో మొదలై మొదటిదానితో ముగుస్తుంది, అంటే ఏదో తాగేసి బ్యాటరీని నెలల తరబడి ఖాళీగా ఉంచుతుంది, అలా ఖాళీగా ఉండి ఉండి బ్యాటరీయే పాడైపోతుంది. నీ ఉత్తరం చదివితే నాకు అదే కనపడుతోంది, ఆ యూఎస్‌బీ సాకెట్ మీద నా కన్ను పడింది. కానీ అనుమానం వేరు, కొలత వేరు. కొలిచి చూద్దాం.

ముందు ఒక మాట క్లియర్ చేస్తా. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి జనరేటర్ మంచిదే అన్నావు చూడు, ఆ లెక్క పనికిరాదు. లైట్లకి వెళ్ళే 230 వోల్టులు ఒక వైండింగ్ నుంచి వస్తాయి, బ్యాటరీకి వెళ్ళే 12 వోల్టుల ఛార్జింగ్ వేరే చిన్న కాయిల్ నుంచి వస్తుంది, కొన్ని మోడల్స్‌లో ఆ కాయిల్ ఆల్టర్నేటర్ లోపల ఉంటుంది, కొన్నిట్లో ఇంజన్ ఫ్లైవీల్ కింద మాగ్నెట్ల దగ్గర ఉంటుంది. అక్కడ పుట్టే కరెంటు ఏసీ, బ్యాటరీకి కావాల్సింది డీసీ, అందుకని మధ్యలో రెక్టిఫైర్ ఉంటుంది, దాని తర్వాత ఒక ఫ్యూజో, నొక్కితే లోపలికి వెళ్ళే చిన్న బ్రేకర్ బటనో ఉంటుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా పెళ్ళి మండపం మొత్తం ధగధగా వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీకి మాత్రం చుక్క అందదు. కాబట్టి లైట్ల సాక్ష్యం పక్కన పెట్టెయ్.

మీటర్ పట్టే ముందు టెర్మినల్స్ చూడు. నీ జనరేటర్ ట్రాలీ ఆటోలో ఎక్కి ఊరూరూ తిరుగుతుంది, గుంతల రోడ్డు మీద ఆ అదురుకి నట్లు లూజవడం మామూలే, చేత్తో కదిపితే కేబుల్ కదిలిందంటే చాలు, అదొక్కటే టకటక సౌండ్‌కి సరిపోతుంది. స్పానర్ పట్టుకునేటప్పుడు ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న బిగించాలి, లేకపోతే స్పానర్ పాజిటివ్ మీద ఉండగా బాడీకి తగిలి మెరుపు వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటే ఆ మెరుపు చాలు పేలడానికి. తెల్ల పొడో పచ్చటి చిలుమో పట్టి ఉంటే వంట సోడా నీళ్ళలో కలిపి బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టు, లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో గీకి, బిగించాక పైన కొంచెం వాజెలిన్ పూయి. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు ఉందో లేదో కూడా చూడు, చాలామంది మార్చేటప్పుడు క్లాంపు పారేసి తాడుతో కడతారు, అదురుకి లోపల ప్లేట్లు విరిగేది అక్కడే.

ఇక మొదటి కొలత. షాపులో ఫుల్ ఛార్జింగ్ పెట్టించి తీసుకురా, తెచ్చాక నెగటివ్ కేబుల్ తగిలించకుండా, ఏమీ కనెక్ట్ చెయ్యకుండా ఒక రాత్రంతా వదిలెయ్, తెల్లారి మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి రెండు టెర్మినల్స్ మధ్య చూడు. 12.7 చుట్టుపక్కల ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు భాగమే మిగిలినట్టు. చాలామంది 12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులు చూపిస్తోంది కదా బాగానే ఉంది అనుకుంటారు, అది బాగున్నట్టు కాదు, దాదాపు అయిపోయినట్టు. ఒకవేళ 10.5 దగ్గర ఆగిపోయిందనుకో, లోపలున్న ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయిందని అర్థం, ఒక్కో సెల్ రెండు వోల్టుల పైన ఇస్తుంది కాబట్టి ఒకటి పోతే అంత తగ్గుతుంది, అలాంటిదాన్ని ఏ ఛార్జింగూ బాగుచెయ్యలేదు. అలా ఏమీ తగిలించకుండానే ఇంకో మూడు రోజులు వదిలేసి మళ్ళీ చూడు. ఏమీ తాగేది లేకపోయినా 12.7 కాస్తా 12.2కి వచ్చేసిందంటే తప్పు బ్యాటరీ లోపలే ఉంది. 12.6 పైన నిలబడిందంటే తనంతట తాను దిగట్లేదు. ఈ ఒక్క పరీక్షతో సగం తగువు తీరిపోతుంది, ఖర్చేమీ లేదు, ఓపికే కావాలి.

కానీ వోల్టేజీ నిలబడినంత మాత్రాన సరుకు ఉన్నట్టు కాదు. బిందెలో అడుగున సిమెంటు పోసినా నీళ్ళు అంచుదాకా నిండినట్టే కనపడతాయి, పాతబడ్డ బ్యాటరీలో ప్లేట్ల మీద పట్టే సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటే అదే జరుగుతుంది, ఛార్జర్ పెడితే గబగబా 14 వోల్టులకి ఎక్కేస్తుంది, షాపాయన ఫుల్ అయిపోయింది తీసుకెళ్ళు అంటాడు, లోపల 18 ఏహెచ్‌కి బదులు మూడో నాలుగో ఉంటాయి, ఆ కాస్తా రెండు రోజుల స్టార్టింగులతో చెల్లు. నువ్వు రాసిన రెండు మూడు రోజులు బాగుంటుంది అన్న మాటకి ఇది అచ్చంగా సరిపోతోంది. దీన్ని తేల్చడానికి కారు హెడ్‌లైట్ హాలోజన్ బల్బ్ ఒకటి తీసుకో, 55 వాట్లది, అది దగ్గర దగ్గర ఐదు ఆంపియర్లు తాగుతుంది. ఫుల్ ఛార్జ్ అయిన బ్యాటరీకి దాన్ని తగిలించి టైం చూసుకుంటూ కూర్చో. బల్బ్ బాగా వేడెక్కుతుంది, గోనెసంచుల మీదా టెంట్ గుడ్డల మీదా పెట్టకు. మంచి 18 ఏహెచ్ బ్యాటరీ అయితే గంట తర్వాత కూడా బల్బ్ వెలుగుతుండగానే 12 వోల్టులకి అటూ ఇటూగా ఉంటుంది. అరగంట లోపే 10.5కి పడిపోయిందంటే ఆ బ్యాటరీ పని అయిపోయింది, దాని మీద ఇక డబ్బులు పెట్టకు. పరీక్ష అవగానే మళ్ళీ ఛార్జింగ్ పెట్టు, ఖాళీగా వదలొద్దు.

బ్యాటరీ పాసైతే రెండో కొలత. ఇంజన్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి సెల్ఫ్ కొట్టే వీలు నీ మోడల్‌లో లేకపోవచ్చు, పర్లేదు, మామూలుగానే సెల్ఫ్ కొట్టు, కొట్టే ఆ రెండు మూడు సెకన్లలో మీటర్ ఎంతకి పడుతుందో ఒకరిని చూడమను. 9.6 కంటే కిందకి పోకూడదు. ఏడుకో ఆరుకో పడిందంటే బ్యాటరీ బలహీనంగా ఉంది లేదా సెల్ఫ్ మోటార్ ఎక్కువ లాగుతోంది. పడకుండా 12 దగ్గరే ఉండి టకటకమంటోందంటే మాత్రం బ్యాటరీని తిట్టకు, అక్కడ కరెంటు ముందుకి పోవట్లేదు, రిలే (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులో, కేబులో, ఎర్తో (నెగటివ్ నుంచి ఇంజన్ బాడీకి పోయే కేబుల్) చూడాలి. ఎర్త్‌కి ఇంకో సులువైన పరీక్ష ఉంది, మీటర్ ఒక కాలు బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, రెండోది ఇంజన్ బాడీ మీద రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించు, 0.2, 0.3 దాకా చూపిస్తే ఓకే, ఒక వోల్ట్ చూపిస్తే ఎర్త్ కేబుల్ కాలిపోయో తుప్పు పట్టో ఉంది. తీరప్రాంతపు గాలికి దగ్గర్లో ఉన్నారు కాబట్టి తుప్పు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు.

మూడో కొలత ఇంజన్ తిరుగుతుండగా. ఇది చేసేటప్పుడు జనరేటర్ షెడ్డు లోపల పెట్టొద్దు, బయట ఆరుబయట పెట్టాలి, ఐదు నిమిషాలే కదా అని తలుపు దగ్గర పెట్టేవాళ్ళుంటారు, పెట్రోల్ ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలీదు. ఇంజన్ పూర్తి స్పీడులో ఉండాలి, మన 50 హెర్ట్జ్ లెక్కకి ఇలాంటి జనరేటర్లు 3000 ఆర్‌పీఎం తిరగాలి, ఎకానమీ స్విచ్ ఉంటే ఆఫ్ చెయ్, తక్కువ స్పీడులో ఛార్జింగ్ కూడా తక్కువే వస్తుంది. స్టార్ట్ చెయ్యక ముందు ఎంతుందో రాసుకో, స్టార్ట్ చేసి ఐదు నిమిషాల తర్వాత చూడు. 13.5 నుంచి 14.5 మధ్యలోకి ఎక్కితే ఛార్జింగ్ అందుతోంది. బాగా దిగిపోయిన బ్యాటరీ అయితే ఐదు నిమిషాల్లో అంత ఎక్కదు, కానీ ముందు కంటే పెరుగుతూ పోవాలి. ఏ మాత్రం పెరగకుండా 12.3 ఉన్నది 12.3గానే ఉంటే షాపాయన చెప్పిందే నిజం. 15 దాటితే అది ఇంకో రకం చావు, రెగ్యులేటర్ (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేది) పోయి ఎక్కువ ఛార్జింగ్ అయిపోతోంది, సీల్డ్ బ్యాటరీలో నీళ్ళు పొయ్యడానికి ఉండదు, ఎండిపోయి పక్కలు ఉబ్బుతాయి. నీ పాత బ్యాటరీ ఇంకా షెడ్డులో పడుంటే దాని పక్కలు ఒకసారి తడిమి చూడు, ఉబ్బి ఉంటే ఈ అనుమానం బలపడుతుంది.

ఛార్జింగ్ రావట్లేదని తేలితే వెంటనే కాయిల్ కాలిపోయిందని కంగారు పడొద్దు, ఎక్కువగా పోయేది చవకవే. ముందు ప్యానెల్ మీద డీసీ అని రాసున్న చోట బ్రేకర్ బటన్ బయటికి పొడుచుకు వచ్చి ఉందేమో చూడు, మీ కుర్రాళ్ళు ప్యానెల్ మీదుండే 12 వోల్టుల డీసీ సాకెట్లో ఏదన్నా పెట్టి లాగి ఉంటే అది ట్రిప్ అయి ఉంటుంది, నొక్కితే చాలు. తర్వాత ఫ్యూజ్. అది కాలి ఉంటే అదే ఆంపియర్లది వెయ్యి, వైరు ముక్క చుట్టకు. ఆ తర్వాత రెక్టిఫైర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పీకి, లోపల పిన్నులు ఆకుపచ్చగా మారాయేమో చూడు. మీటర్లో డయోడ్ గుర్తు మీద పెట్టి రెక్టిఫైర్‌లో ఒక ఏసీ పిన్నుకీ ఒక డీసీ పిన్నుకీ మధ్య చూస్తే ఒక వైపు 0.5, 0.6 అలా చూపించాలి, కాళ్ళు మార్చి పెడితే ఏమీ చూపించకూడదు. రెండు వైపులా చూపించినా, రెండు వైపులా ఏమీ చూపించకపోయినా అది పోయినట్టే. ఇవన్నీ బాగుండి, ఇంజన్ తిరుగుతుండగా కాయిల్ నుంచి వచ్చే రెండు వైర్ల మధ్య ఏసీ వోల్టేజీ రావట్లేదంటేనే కాయిల్ పని, అది విప్పాల్సిన పని కాబట్టి మెకానిక్ చేత చేయించు. ఈ కొలతలప్పుడు 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టకు, కవర్లు విప్పకు, బయటికి కనపడే 12 వోల్టుల వైర్ల దగ్గరే ఆగిపో. ఇంకొకటి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి చూసే అలవాటు కొందరు మెకానిక్కులకి ఉంది, పీకినా ఇంజన్ ఆగలేదు కాబట్టి డైనమో బాగుందంటారు, దయచేసి నీ జనరేటర్ మీద ఆ ప్రయోగం చెయ్యనివ్వకు, అలా పీకినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా లేచి రెగ్యులేటర్‌ని కాల్చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, నాలుగో కొలత, ఆపేశాక ఎవరు తాగుతున్నారు. కీ ఆఫ్ చెయ్, నెగటివ్ కేబుల్ విప్పు, మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌కి మార్చి ఒక కాలు బ్యాటరీ నెగటివ్ పోస్ట్‌కి, ఇంకో కాలు విప్పిన కేబుల్‌కి పట్టు, అంటే కరెంటు మీటర్ గుండా పోవాలి. అది బాగా చిన్నదని ఖాయమైతేనే మిల్లీఆంపియర్ల సాకెట్‌కి మారు. ఇలా పట్టుకుని ఉండగా పొరపాటున కూడా కీ తిప్పొద్దు, సెల్ఫ్ లాగే వంద ఆంపియర్ల చుట్టూ ఉండే కరెంటుకి మీటర్ మాడిపోతుంది. ఇలాంటి సాదా జనరేటర్లో కీ ఆఫ్ చేస్తే సున్నా రావాలి, మహా అయితే ఒకటో రెండో మిల్లీఆంపియర్లు. నీ దాంట్లో 20, 30 చూపిస్తుందని నా లెక్క, ఎందుకంటే వోల్టేజీ అంకెలు కనిపించే ఆ సాకెట్లు ఫోన్ పెట్టినా పెట్టకపోయినా ఆ అంకెల లైటుకీ లోపలి సర్క్యూట్‌కీ ఎంతో కొంత తాగుతూనే ఉంటాయి, నేరుగా బ్యాటరీకి కలిపారు కాబట్టి కీ ఆఫ్ చేసినా ఆగదు.

25 మిల్లీఆంపియర్లేగా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. రోజుకి 24 గంటలు, 25తో గుణిస్తే 600, అంటే రోజుకి 0.6 ఏహెచ్. 18 ఏహెచ్ బ్యాటరీ పదిహేను రోజుల్లో సగానికి వస్తుంది, నెల తిరిగేసరికి ఖాళీ. అదే నువ్వు సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్లు మూడు సెకన్లు లాగినా అయ్యేది 0.1 ఏహెచ్ కూడా ఉండదు. అంటే ఆ చిన్న సాకెట్ ఒక్క రోజులో ఆరేడు సెల్ఫ్ స్టార్టులంత తాగేస్తోంది, ఎవరూ ముట్టుకోకపోయినా.

దీనికి మన సీజన్ కలిపి చూడు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలప్పుడు జనరేటర్ రోజూ పనిచేస్తుంది, దిగినంతా ఎక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలీదు. ఆషాఢం వచ్చిందంటే నెల ఖాళీ, మూఢం పడితే ఇంకా ఎక్కువ ఖాళీ, పుష్యంలోనూ పెళ్ళిళ్ళుండవు. ఆ ఖాళీ రోజుల్లో నీ జనరేటర్ షెడ్డులో ఉంటుంది, సాకెట్ తాగుతూనే ఉంటుంది, నెలకి బ్యాటరీ అడుగంటుతుంది, అలా అడుగంటి ఇంకో నెల పడుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి పని చెయ్యడం వల్ల అంత నష్టం లేదు, ఖాళీగా పడుండటం వల్లే నష్టం. దిగిపోయినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, అది మెత్తగా ఉండగానే ఛార్జింగ్ పెడితే కరిగి వెనక్కి పోతుంది, వారాలు గడిస్తే గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగదు, అంత మేరకి కెపాసిటీ శాశ్వతంగా పోయినట్టే. మొదటి బ్యాటరీ మూడేళ్ళు ఎందుకొచ్చిందో ఆలోచించు, అప్పుడు ఈ సాకెట్ లేదు.

రేకుల షెడ్డు కూడా దీనికి తోడు. సీల్డ్ బ్యాటరీ ఏమీ తగిలించకపోయినా తనంతట తాను నెలకి మూడు శాతం దాకా దిగుతుంది, అది 25 డిగ్రీల లెక్క, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో మధ్యాహ్నం రేకుల కింద ఎంత వేడుంటుందో నీకు నేను చెప్పాలా. పనిలేని రోజుల్లో బ్యాటరీని విప్పి ఇంట్లోకి తెచ్చుకో, చల్లగా ఉండే మూల చాలు, నేల మీద పెడితే దిగిపోతుందనే భయం అక్కర్లేదు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకి ఆ బాధ లేదు.

సాకెట్ పీకేసినా మీటర్లో కరెంటు తగ్గకపోతే అప్పుడు రెక్టిఫైర్ కప్లర్ పీకి చూడు. డయోడ్ లీక్ అయితే బ్యాటరీలోంచి కరెంటు వెనక్కి కాయిల్లోకి పోతూ ఉంటుంది, ఛార్జింగ్ ఇవ్వాల్సిందే తాగుతుందన్నమాట, దీన్ని చాలామంది ఊహించరు. కప్లర్ పీకగానే మీటర్ సున్నాకి వస్తే దొంగ దొరికినట్టే. అప్పటికీ తగ్గకపోతే కీ స్విచ్, వాన నీళ్ళు పడి లోపల తడిసి ఉంటుంది. ఒక్కోటి పీకుతూ మీటర్ చూస్తూ పోవాలి, రెండు ఒకేసారి పీకితే ఏది తాగుతోందో తెలీదు.

ఫోన్ల సాకెట్ పూర్తిగా వద్దని నేననను, రాత్రంతా పందిట్లో ఉండే కుర్రాళ్ళకి అవసరమే. 230 వోల్టుల వైపు మామూలు మొబైల్ ఛార్జర్ ఒకటి బోర్డుకి పెట్టించు, అది బ్యాటరీ జోలికి రాదు. అలా కుదరదంటే ఈ సాకెట్‌కే మధ్యలో ఒక ఆన్ ఆఫ్ స్విచ్, బ్యాటరీకి దగ్గర్లో ఒక చిన్న ఫ్యూజ్ పెట్టు. ఫ్యూజ్ లేకుండా నేరుగా కలిపిన వైరు పెట్రోల్ ట్యాంక్ పక్కనుంచి పోతోందంటే అది నాకు బ్యాటరీ కంటే ఎక్కువ భయం వేసే సంగతి, వైరు రాపిడికి తెగి బాడీకి తగిలితే నిప్పే, ఈరోజే వెళ్ళి చూడు.

గంటసేపు జనరేటర్ ఆన్‌లో ఉంచినా సెల్ఫ్ అందుకోవట్లేదన్నావు. అందుకోదు, అందులో వింత లేదు. ఇలాంటి జనరేటర్ల ఛార్జింగ్ కాయిల్ చాలా మోడల్స్‌లో ఒకటి నుంచి మూడు ఆంపియర్లే ఇస్తుంది, సెల్ఫ్‌కి ఖర్చయిన కాస్త తిరిగి పొయ్యడానికే దాన్ని పెట్టారు, ఖాళీ అయిపోయిన బ్యాటరీని నింపడానికి కాదు. సగానికి దిగిన 18 ఏహెచ్ బ్యాటరీకి రెండు ఆంపియర్లు ఇచ్చినా ఐదారు గంటలు కావాలి, పూర్తిగా దిగితే పది గంటల పైనే. అందుకోసం పెట్రోల్ తగలెయ్యకు. కరెంటుతో నడిచే చిన్న ఆటోమేటిక్ ఛార్జర్, 12 వోల్టులది, ఒకటిన్నర రెండు ఆంపియర్లది కొనుక్కో, ఏహెచ్‌లో పదో వంతు అనే లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. సీల్డ్ బ్యాటరీకి పనికొచ్చేదేనా అని అడిగి తీసుకో. ఖాళీ నెలల్లో నెలకోసారి రాత్రి పెట్టి పొద్దున తీసెయ్.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా దానికి తగిలిద్దాం అని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. ఇన్వర్టర్ 150 ఏహెచ్ బ్యాటరీల కోసం చేసింది, అది పదీ పదిహేను ఆంపియర్లు తోస్తుంది, నీ 18 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ వేడెక్కి ఉబ్బిపోతుంది. బ్యాటరీ షాపులో కూడా పదేసి బ్యాటరీలు వరుసగా కలిపి ఒకే ఛార్జర్ మీద పెడతారు, నీది చిన్నది, దానికి కూడా పెద్దవాటి కరెంటే పోతుంది. తక్కువ ఆంపియర్లలో పెట్టమని చెప్పి మరీ ఇవ్వు, ఒక పూట ఎక్కువ పట్టినా పర్లేదు.

కొత్తగా వేసిన బ్యాటరీ కూడా త్వరగా అలిసిపోవడానికి ఇంకో కారణం పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, నెల రెండు నెలలు ట్యాంకులో కార్బొరేటర్లో నిలవుంటే జెట్‌లో జిగురు పడుతుంది, అప్పుడు ఇంజన్ ఒక పట్టాన అందుకోదు, అందుకోలేదని మనం సెల్ఫ్ నొక్కి పట్టుకుంటాం, పది పదిహేను సెకన్లు, మళ్ళీ మళ్ళీ. బ్యాటరీ ఎంత మంచిదైనా అలా కొడితే అరగంటలో పడుకుంటుంది, సెల్ఫ్ మోటార్ కూడా వేడెక్కుతుంది. ఐదు సెకన్లు మించి కొట్టొద్దు, అందుకోకపోతే కనీసం పది పదిహేను సెకన్లు ఆగి మళ్ళీ కొట్టు, మూడు నాలుగుసార్లకీ రాలేదంటే చోక్, ప్లగ్, పెట్రోల్ కాక్ చూడాలి గానీ బ్యాటరీతో కుస్తీ పట్టకూడదు. ఖాళీ సీజన్‌కి షెడ్డులో పెట్టే ముందు పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపితే కార్బొరేటర్ ఖాళీ అవుతుంది. ఆయిల్ కూడా చూసుకో, చాలా మోడల్స్‌లో ఆయిల్ తగ్గితే సెన్సర్ స్పార్క్ ఆపేస్తుంది, సెల్ఫ్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు.

ఇవన్నీ చూశాక బ్యాటరీ కొనాల్సిందే అని తేలితే, తేలే అవకాశమే ఎక్కువ ఎందుకంటే ఇప్పుడున్నది ఇప్పటికే సల్ఫేట్ పట్టిందని నాకనిపిస్తోంది, నీ మీటర్ జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళు. డబ్బా తెరిచి అక్కడే కొలువు, 12.6 పైనున్నది తీసుకో, 12.4 కంటే తక్కువున్నది అల్మరాలో నెలల తరబడి కూర్చున్నది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దను. తయారైన నెల అడుగు. అదే 18 ఏహెచ్ తీసుకో, ఎక్కువ ఏహెచ్ వేస్తే ఎక్కువ రోజులు వస్తుందని పెద్దది పెట్టించొద్దు, ట్రేలో సరిగ్గా కూర్చోదు, ఆ చిన్న కాయిల్ దాన్ని నింపనూ లేదు. వారంటీ కార్డు మీద తేదీ, స్టాంప్ వేయించుకో. ఆరు నెలల బ్యాటరీ అన్నావు కాబట్టి ముందు దాని కార్డు వెతుకు, వారంటీ లోపల ఉంటే తీసుకెళ్ళి లోడ్ టెస్ట్ చెయ్యమను, నువ్వు రాసుకున్న రీడింగులు చూపించి మాట్లాడితే డూప్లికేట్ గొడవ లేకుండా పని అవుతుంది. వారంటీ లేకపోతే పాతది పాత ఇనుము బండికి వెయ్యకు, లోపల సీసమూ యాసిడూ ఉంటాయి, ఎవరో ఇంటి వెనక పగలగొట్టి కరిగిస్తారు, ఆ పొగ పిల్లలకి మంచిది కాదు. బ్యాటరీ షాపులోనే ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చెయ్, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసేవాళ్ళదే, నీకు కొంత డబ్బు కూడా తగ్గుతుంది.

ఈ వారం నువ్వు చెయ్యాల్సింది ఇంతే, సాకెట్ వైరు పీకెయ్, బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేయించి మూడు రోజులు విడిగా ఉంచి చూడు, బల్బ్ పెట్టు, తర్వాత ఇంజన్ ఆరుబయట నడిపి వోల్టేజీ రాసుకో, ఆఖర్న సాకెట్ తిరిగి తగిలించి లీకేజీ ఎంతుందో, తీసేస్తే ఎంతుందో రెండూ రాసుకో. ఆ నంబర్లు, జనరేటర్ మోడల్, డీసీ ఫ్యూజ్ మీద రాసున్న ఆంపియర్లు నాకు రాసి పంపు. ఇంజన్ నడిచేటప్పుడు వోల్టేజీ పెరగకపోతే మాత్రం ఏదీ విప్పకుండా, రెక్టిఫైర్ దగ్గర వైర్ల రంగులు ఏమున్నాయో కూడా రాయి, ఏ వైరు దగ్గర ఏం కొలవాలో చెప్తాను.